రెండవ షిఫ్టు వారములో వసంతము

హనుమకొండనుండి భూపాలపల్లికి పోవు బస్సు గూడెప్పాడు కూడలియొద్ద ములుగు బాటను విడిచి పరకాల వైపునకు మళ్లినది మొదలు, దారికి ఇరుప్రక్కల ఫాల్గునమాసపు సేద్యమంతయు వరుసగా కానవచ్చుచుండును. పత్తి ఏరుట ముగిసిన చేలలో ఎండిన పత్తికట్టెను పెరికి గట్లమీద కుప్పలు వేయుచుండిరి. మిరపతోటల ప్రక్కనున్న కల్లములలో, కారము తక్కువయు రంగు ఎక్కువయు గలదై, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిర్చి, పొట్టిగా లావుగా నిగనిగలాడుచు, ఎండకు మెల్లగా ముడుతలు పడుచుండెను. ఆ కాయలను కాళ్లతో త్రోయుచు తిరుగవేయు స్త్రీలు ముక్కులకు కొంగులు చుట్టుకొని, బస్సు ఆగినప్పుడెల్ల తుమ్ముల నడుమనే ప్రయాణికులను కుశలమడుగుచుండిరి.

పరకాలలో దిగితిని. 1947 సెప్టెంబరు 2వ తేదీన జాతీయపతాకము నెత్తుటకై గుమిగూడిన జనులపై నిజాము పోలీసులును రజాకార్లును తుపాకులు పేల్చిన యూరది. ఆనాటి మృతుల స్మృతికై వెలసిన అమరధామమును చూడకయే ముందునకు సాగుట పాడిగాదని తోచెను. అచ్చట కొంతసేపు నిలిచి, వెనుక వచ్చిన మరియొక బస్సును పట్టుకొంటిని. రేగొండ దాటిన పిదప చేలు పలుచబడి, ఆకొక్కటియు లేని కొమ్మలనిండ పూచిన మోదుగులు మొదలైనవి. వానికి ఎదురుగా, టార్పాలిను కప్పుకొన్న బొగ్గులారీలు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండెను. రోడ్డునకు దాపుననున్న మోదుగుల పూలపై సన్నని నల్లని ధూళి పేరుకొని యుండుటయు, నాలుగు బారల లోపలనున్న చెట్ల పూలు నిర్మలముగా నుండుటయు గమనించినప్పుడు, ఊరు సమీపించినదని ఎవ్వరును చెప్పకయే తెలిసినది.

భూపాలపల్లికి రైలు లేదు. ఒకనాడిది అడవి నానుకొనియున్న పల్లె. 1871లో ఇల్లందు ప్రాంతమున విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును గుర్తించుటతో ఆరంభమైన కథ, 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు దాల్చి, గోదావరి లోయవెంబడి కొత్తగూడెము, బెల్లంపల్లి, మందమఱ్ఱి, గోదావరిఖనుల మీదుగా నడచి, చాల ఆలస్యముగా ఈ పల్లెను చేరినది. గనులకు కాకతీయ ఖని యని పేరు పెట్టి, వరుస సంఖ్యలు వేసిరి. బొగ్గు వెంట కూలీలు, కూలీల వెంట అంగళ్లు, అంగళ్ల వెంట కాలనీలు వచ్చెను. 2011 జనగణన నాటికే జనసంఖ్య 40 వేలు మించినది. 2016 అక్టోబరు 11న తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్తయగు ఆచార్య జయశంకర్ పేర జిల్లా ఏర్పడి, ఇది దానికి కేంద్రమైనది. అయినను కలెక్టరు కచేరీ వచ్చిన యూరిలోనే సాయంకాలము బఱ్ఱెలు రోడ్డునకు అడ్డముగా నిలిచి, బొగ్గులారీలను ఆపి, తమకు తోచినప్పుడు కదలుచుండును. పట్టణమై ఎంతకాలమైనను పల్లె తన హక్కును విడిచిపెట్టలేదు.

వరుసకు నాకు అన్నకూతురగు అమ్మాయిని ఈ యూరి గనికార్మికున కిచ్చిరి. అమ్మాయి పుట్టినిల్లు రేగొండ చెంతనొక పల్లె. అల్లుని తండ్రి బెల్లంపల్లిలో బాయిపని చేసినవాడు. సింగరేణి జనులు గనిని బాయి యనియే యందురు. తండ్రి ఆరోగ్యము చెడి మానుకొనగా, ఆ కొలువు కొడుకునకు వచ్చినది. గణపురము కోటగుళ్లను, కాళేశ్వరమును చూడవలెనని చిరకాలముగా నేను కోరుచుండుటయు, వచ్చినయెడల తమ ఇంటనే దిగవలెనని అమ్మాయి పట్టుబట్టుటయు కలిసివచ్చి ఈ ప్రయాణమైనది. గుళ్లను చూచుటకు పోయిన నేను, ఒక సంసారపు గడియలను లెక్కించుచు కూర్చుంటిననుట నిజము.

నేను చేరునప్పటికి మధ్యాహ్నము మూడు దాటినది. అల్లుడు ఇంట లేడు.

“ఈ వారం రెండో షిఫ్టు చిన్నాయినా. పొద్దంత మనిషి ఇంట్లనే ఉంటడు గని, సగం పొద్దు నిద్రలనే పోతది,” అని అమ్మాయి నవ్వుచు నీళ్లిచ్చినది.

ఆ ఇంటి కాలమంతయు మూడు షిఫ్టుల మీద నడచును. మొదటిది ఉదయము ఏడింటినుండి మూడింటివరకు, రెండవది మూడింటినుండి రాత్రి పదునొకండింటివరకు, మూడవది ఆ రాత్రినుండి తెల్లవారి ఏడింటివరకు. వారము మారగానే షిఫ్టు మారును. మొదటి షిఫ్టయినచో అమ్మాయి నాలుగున్నరకే లేచి, వాకిట సానుపు చల్లి, డబ్బా కట్టవలెను. రాత్రి షిఫ్టయినచో పట్టపగలు కిటికీలకు దుప్పట్లు కట్టి, ఇరుగుపొరుగు పిల్లలను అరవకుండ బతిమాలి, తన కుట్టుమిషనును ప్రక్కింటి వరండాకు జరుపుకొనవలెను. రెండవ షిఫ్టు ఆమెకు అన్నిటికన్న కష్టము. వారి పిల్లవాడు బడికి పోవునప్పటికి తండ్రి నిద్రలో నుండును. పిల్లవాడు బడినుండి వచ్చునప్పటికి తండ్రి గనిలో నుండును. తండ్రి వచ్చునప్పటికి పిల్లవాడు నిద్రలో నుండును. ఒకే కప్పు క్రింద వారమంతయు తండ్రీకొడుకులు ఒకరి నొకరు మేలుకొని చూడకయే గడపుట అచ్చట వింతగాదు.

ఈ చిక్కును విప్పునది వసంతమే. మార్చి మధ్యనుండి ఒంటిపూట బడులు మొదలగును. పిల్లవాడు పండ్రెండున్నరకు బడినుండి బయటపడి, ఒంటిగంట లోపల ఇల్లు చేరును. అల్లుడు రెండుంబావునకు గాని బయలుదేరడు. ఆ గంటసేపును ఆ ఇంటివారు వాడుకొను తీరు చూడవలసినదే. మరునాడు చూచితిని. పిల్లవాడు సంచిని ద్వారబంధముకడనే పడవైచి తండ్రి వీపున కెగబ్రాకెను. లెక్కల పుస్తకము తెఱచిరి, మూసిరి. ముగ్గురును క్రింద కూర్చుండి, మామిడికాయ పప్పు, పచ్చిపులుసు కలుపుకొని తినిరి. పచ్చిపులుసులోనికి ఉల్లిగడ్డను అమ్మాయి అప్పటికప్పుడు కోసి, ఉప్పుతో చేతనే నలిపి వేసినది. కవులు వసంతమునకు కోకిలను, మలయానిలమును సహాయులుగా నిచ్చిరి. ఈ యింట దానికి సహాయుడు ఎండకు జడిసి బడివేళలు కుదించిన విద్యాశాఖ.

అల్లుడు డ్యూటీకి వెడలిన వెనుక అమ్మాయి సర్వపిండి చేయుటకు పూనుకొనెను. రాత్రి పదునొకండున్నరకు వచ్చువానికి చల్లారినను రుచి చెడని తినుబండారము కావలెను. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, వేయించి చితుకగొట్టిన పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కారము, ఉప్పు వేసి కొంచెము గట్టిగా తడిపెను. లోతైన సర్వకు లోపల నూనె రాచి, ఆ ముద్దను అడుగునను, ప్రక్కలను ఒకే మందమున అద్దుచు పైకి లాగెను. పిదప చూపుడువ్రేలితో అచ్చటచ్చట గుంటలు పెట్టి, ప్రతి గుంటలోను ఒక్కొక్క చుక్క నూనె విడిచి, మూతవేసి, మంటను మిక్కిలి తగ్గించినది. ఆ వాసన వాకిలి దాటునప్పటికి పిల్లవాడు వచ్చి నిలిచెను. “అడుగుది నీకు, అంచులది మీ నాయినకు,” అని తల్లి ముందే పంచిపెట్టినది. అంచు కరకరలాడును గనుక అది అలసి వచ్చినవానికి చెందవలెనని ఆ యింటి న్యాయము.

సాయంకాలము ఆమెతో అంగడికి పోతిని. మామిడిపిందెలు, వేపపూత, తొలికాపు ముంజలు వచ్చెను. ఉగాది కొఱకు కొత్తకుండలు బారులు తీర్చిరి. అడవియంచు పల్లెనుండి వచ్చిన ఒక ముసలమ్మ ఎండిన ఇప్పపువ్వును గంపలో పోసికొని కూర్చుండి, తెల్లవారకముందే చెట్లక్రింది ఆకులను కాల్చి నేల శుభ్రముచేసికొన్నచో గాని రాలిన పువ్వు చేతికి దొరకదనియు, ఎండ పొడచూపినచో జంతువులపాలగుననియు నాకు చెప్పినది. ఈ పువ్వు ముగియగానే తునికాకు వచ్చును. ఏబదియాకుల కట్టలు కట్టి, అట్టివి వేయి చేరినచో ఒక సంచియని లెక్క. అమ్మాయి బాల్యమున తల్లివెంట తునికాకునకు పోయినదట. ఏ చెట్టు ఎప్పుడు చిగిర్చునో, ఏ పూత ఏ గాలికి రాలునో ఆమెకు నాలుకమీద నుండెను. భర్త కివి తెలియవా యని అడిగితిని. “ఆయన బొగ్గూర్లె పుట్టిండు. చెట్లు నేనే చెప్పాలె,” అనినది.

రాత్రి అల్లుడు వచ్చెను. అతని గనిబట్టలను అమ్మాయి ఇంటి బట్టలతో కలుపదు; వెనుకదొడ్డిలో వేఱుగా నానవేయును. మొదటి నీరు సిరాను పోలియుండి, మూడవ జాడింపునకు గాని బూడిదరంగునకు దిగలేదు. అల్లుడు అంచుముక్కలు కొఱుకుచు గనిసంగతులు చెప్పెను. అతడు త్రవ్వు బొగ్గు పాతిక కోట్ల సంవత్సరములకు పూర్వము, గోండ్వానా భూఖండమున పెరిగి మడుగులలో మునిగిన అడవియని పుస్తకములు చెప్పుమాటను నేనెత్తగా, అతడు తలయూపి, “ఒక్కొక్కపాలి పైరాయి మీద ఆకు అచ్చు కనబడ్తది మామా. నాలుక తీరుగ పొడుగుంటది. ఈనెలు గూడ కనబడ్తయి,” అనెను. గ్లాసాప్టెరిస్ అని శాస్త్రజ్ఞులు పిలుచు ఆకు అదియే కావచ్చును. భార్యకు మోదుగు, ఇప్ప, తునికి తెలియును; భర్త ఏ మనుష్యుడును చూడని అడవిని దీపము వెలుగున చూచుచున్నాడు. ఇద్దరికిని ఆకులే ఎదురగుచున్నవి గాని, నడుమ కోట్ల వసంతముల యెడమున్నది.

ఆదివారము సెలవు. అందఱము గణపురమునకు పోతిమి. దారిలో చెల్పూరుకడ కాకతీయ థర్మల్ కేంద్రపు పొగగొట్టములు చాల దూరమునుండియే కానవచ్చెను. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు అచ్చట పనిచేయుచున్నవి. గణపతిదేవుని కాలమున (1199–1262) వెలసిన గణపురము కోటగుళ్లలో ప్రధానాలయము చుట్టును చిన్న చిన్న గుడులు, విశాలమైన స్తంభమండపము, గజకేసరుల శిల్పములు కలవు. సమీపముననే కాకతీయులనాటి గణపసముద్రమను చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. ఆ కాలముననే 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచవారసత్వ హోదా లభింపగా యాత్రికులందఱును ఆ దారినే పట్టుదురు. ఈ గుళ్లు తమ శిథిలశోభతో ఊరివారికే మిగిలియున్నవి.

నేను శిల్పముల కడ నిలిచియుండగా, అల్లుడు మండపములోనికి నడచి, తల పైకెత్తి, దూలపురాళ్ల అతుకులను ఒక్కొక్కటిగా పరికించుచు, కడపట ఒక స్తంభమును పిడికిట తట్టి చెవియొగ్గెను. గనిలో పని మొదలగుటకు ముందు సర్దారు కఱ్ఱతో పైకప్పును తట్టి చప్పుడు వినుననియు, గట్టిరాయి ఖంగుమనుననియు, పొర విడినరాయి బోలుగా పలుకుననియు చెప్పి, “ఇది గట్టిగున్నది,” అని తీర్పు నిచ్చెను. పిదప ఆ మండపములోనే కూర్చుండి తమ పని తీరును నాకు బోధపఱచెను. బొగ్గుపొరలో అడ్డముగను నిలువుగను దారులు తొలిచి, నడుమ నడుమ బొగ్గునే స్తంభములుగా విడిచిపెట్టుదురు. పైనున్న భూమిని ఆ స్తంభములే మోయును. తొలుచుట ముగిసిన పిదప, కొసనుండి వెనుకకు వచ్చుచు ఆ స్తంభములను గూడ త్రవ్వి తీయుదురు.

“ఈ రాజుల కంబాలు ఎనిమిది వందల ఏండ్ల సంది అట్లనే ఉన్నయి. మా కంబాలు మేమే నిలవెడ్తం, మల్ల మేమే తీస్తం. తీసినంక కప్పు పడాలె మామా. పడకుండ ఏలాడితెనే మాకు భయం.”

నేను దేశమునందు అనేక మండపములను చూచితిని; పండితుల వ్యాఖ్యానములు వింటిని; స్తంభమనగా నేమో ఇంత సూటిగా చెప్పినవారిని ఎఱుగను. అమ్మాయి మాత్రము ఆ మాటలు వినుచున్నంతసేపును పిల్లవాని చేయి గట్టిగా పట్టుకొని యుండెను. కప్పు పడుట, పడకుండుట అను మాటలు ఆమెకు శాస్త్రవిషయములు గావు.

తరువాతి వారము రాత్రి షిఫ్టు. అల్లుడు ఉదయము ఇంటికి వచ్చి, స్నానముచేసి, నిద్రపోక మాతో కాళేశ్వరము బస్సెక్కెను. బస్సు ఊరు దాటకముందే అతని తల అమ్మాయి భుజముమీదికి వాలినది. కాటారము వచ్చినది, పోయినది. మహదేవపురము వచ్చినది, పోయినది. ఆకు రాల్చిన టేకువనము, దసలి పట్టుపురుగులను పెంచు నల్లమద్ది చెట్లు, చిగురించుచున్న కానుగలు, పూతకు వచ్చిన ఇప్పలు అన్నియు కిటికీవెంట సాగిపోవుచుండగా, భార్య కదలక మెదలక కూర్చుండి వానినన్నిటిని చూచుచుండెను. కుదుపు వచ్చినప్పుడు మాత్రము అరచేతిని అతని తలకు అడ్డుపెట్టుచుండెను. దిగవలసిన తావు వచ్చినప్పుడు అతడు మేల్కొని, “అడవి అయిపోయిందా?” అని అడిగెను. గోదావరికి నడచునంతసేపును ఆమె అతనికి అడవిని చెప్పినది. మోదుగుపూత సగము రాలినదనియు, ఒక మలుపుకడ ఇప్పచెట్టుక్రింద నేల కాల్చి యున్నారనియు, మహదేవపురము దాటిన పిదప ఒక నెమలి రోడ్డునకు అడ్డము వచ్చినదనియు చెప్పుచుండగా, అతడు పూర్తిగా వినుచు, నడుమ నడుమ ప్రశ్నలు వేయుచు నడచెను. ఆ దాంపత్యపు పద్ధతి నాకు అప్పుడు తేటపడినది: పగటి సమాచారమంతయు ఆమె దాచి యుంచును, భూమిక్రింది సమాచారమంతయు అతడు తెచ్చును; కలిసిన గడియలో ఒకరిది ఒకరికి అప్పగించుకొందురు.

కాళేశ్వరమున, ఆవలి యొడ్డున మహారాష్ట్రమునందలి సిరొంచను చూచుచు, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. సరస్వతి అంతర్వాహిని యని విశ్వాసము. ఎండకాలము సమీపించిన కొలది గోదావరి ఇసుకతిన్నెల నడుమ సన్నబడగా, ప్రాణహిత నీరే సంగమమును నిలుపుచుండును. ఈ యూరి పేరు నేడు పలువురకు ఎత్తిపోతల పథకము మూలమున తెలియును. ఆ పథకములోనిదై 2019లో ప్రారంభమైన మేడిగడ్డ ఆనకట్టలో 2023 అక్టోబరున కొన్ని స్తంభములు క్రుంగినమాట మేమెక్కిన నావలో వచ్చినప్పుడు, అల్లుడు, “కంబం సంగతి కింది నేలకే తెలుస్తది,” అని ఊరకుండెను.

త్రిలింగములలో ఒకటియగు ఈ క్షేత్రమున ఒకే పానవట్టముమీద రెండు లింగములు కలవు: ఒకటి కాలునిది, ఒకటి ముక్తీశ్వరునిది. ముక్తీశ్వరుడు అందఱకును మోక్షమిచ్చుచుండగా యమునికి పని లేకపోయినదనియు, అందువలన ముందు యముని కొలిచిన పిదపనే శివుని కొలువవలెనని నియమమేర్పడినదనియు స్థలపురాణము. అమ్మాయి మొదటి లింగముకడ చాలసేపు నిలిచి, రెండవదానికడ త్వరగానే మ్రొక్కెను. బయటికి వచ్చిన పిదప ఆ మాట నేనెత్తగా, “మోక్షానికి తొందరేమున్నది చిన్నాయినా? ముందుగాల ఈయనను అడుక్కోవాలె గద, కొన్ని ఏండ్లు ఇటు దిక్కు రాకని,” అనినది. అల్లుడు పెద్దగా నవ్వెను, ఆమెయు నవ్వినది. ఆ నవ్వులో భయమును దాచవలెనన్న ప్రయత్నమేమియు లేదు. భయము వారి యింట డబ్బా కట్టుట, బట్టలు నానవేయుట మొదలగు పనులతోపాటు దినచర్యలోని భాగము; దానికొక వేళ, ఈవేళ మాదిరి ఒక గుడి, వారు ఏర్పాటు చేసుకొని యున్నారు. మిగిలిన వేళల నది వారిని బాధింపదు.

ఆ రాత్రియే అతడు మరల డ్యూటీకి పోయెను. బస్సులో వచ్చునప్పుడు గూడ నిద్రించినందున రోజంతయు కలిసి మూడుగంటల నిద్రయైన పట్టియుండునని ఆమె లెక్కకట్టి, చాలునని తేల్చినది.

నేను తిరుగు ప్రయాణమైననాడు అమ్మాయి బస్టాండువఱకు వచ్చి, డబ్బాలో సర్వపిండి అంచుముక్కలనే పెట్టి ఇచ్చెను. “మల్ల వచ్చేటప్పుడు ఫోన్ చేసి, మొదటి షిఫ్టు వారం చూసుకొని రా చిన్నాయినా. అప్పుడైతె పొద్దుగూకంగ అందరం మేల్కొనే ఉంటం,” అనినది. భూపాలపల్లికి పోదలచువారికి నేనును ఇదియే చెప్పుదును. మోదుగులు ప్రతియేడును పూచును, కోటగుళ్లు ఎచ్చటికిని కదలవు. ఎవరింటికి పోవుచున్నారో వారి షిఫ్టును మాత్రము ముందుగా కనుగొని పోవలెను.